వలలో పడిన యుద్ధకాలపు రోగబాంబు: నా నవల నమ్మేలా ఉందా?

పెన్నా_ఒడ్డు
ఆరు నెలలుగా ఒక సముద్ర సాహస నవల రాస్తున్నాను. నాలుగు అధ్యాయాలు అయ్యాయి, ఐదోదాని దగ్గర ఆగిపోయాను. కథ ఇది. 1942 ఏప్రిల్‌లో జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలో సరుకు ఓడల మీద పడింది కదా. అందులో మునిగిన ఒక బ్రిటిష్ ఓడలో రహస్యంగా ఆంథ్రాక్స్ రోగక్రిములు నింపిన పెట్టెలు ఉన్నాయి. ఇన్నేళ్ల తర్వాత, మే నెల రాత్రి, నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె నుంచి వెళ్లిన మర బోటు వలలో ఒక పెట్టె పడుతుంది. దాన్ని చేజిక్కించుకోవాలని ఒక ముఠా వెంటపడుతుంది. మన సరంగు (బోటు నడిపేవాడు) దాన్ని ఎట్లా ఆపాడన్నదే కథ.

రాసింది ఇంట్లో చదివి వినిపిస్తే మా ఆవిడ ఒకే మాట అడిగింది: "ఎనభై ఏళ్లు ఉప్పునీళ్లలో ఉన్న క్రిమి ఇంకా బతికి ఉంటుందా?" జవాబు చెప్పలేకపోయాను. మన జిల్లాల సముద్రం మీద, మన మనుషులతో ఇలాంటి కథ రావాలని నాకు ఎప్పటినుంచో ఉంది. తప్పులతో రాస్తే జువ్వలదిన్నెలో ఒక్కడు కూడా నమ్మడు. తెలిసినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

పాత_సరంగు
మొదటి తప్పు మే నెల. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, మొత్తం 61 రోజులు. మర బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ నెలలో నీ సరంగు సముద్రంలో ఉన్నాడంటే వాడే ముందు దొంగ. నెల మార్చు.

చరిత్ర_పిచ్చోడు
రెండో తప్పు ఇంకా పెద్దది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఓడలు మునిగింది కూడా ఆ రోజుల్లోనే. కానీ బ్రిటన్ వాళ్లు స్కాట్లండ్ దగ్గర గ్రూనార్డ్ దీవిలో ఆంథ్రాక్స్ బాంబుల్ని మొదటిసారి పరీక్షించింది ఆ ఏడాది వేసవిలో, అంటే తర్వాత. పరీక్షే జరగని ఆయుధం ఏప్రిల్‌లో మన సముద్రానికి ఎట్లా వస్తుంది? నీ ఓడ మూడు నెలలు తొందరపడింది.

పెన్నా_ఒడ్డు
ఈ తేదీల సంగతి అసలు తట్టలేదు. కథంతా ఆ ఓడ మీదే నిలబెట్టాను. ఇప్పుడేం చేయాలి?

చరిత్ర_పిచ్చోడు
ఓడను జపాన్ వైపు మార్చు, అన్నీ కుదురుతాయి. ఇషీ షిరో అనే సైనిక వైద్యుడి కింద మంచూరియాలో హార్బిన్ దగ్గర 731 అనే జపాన్ సైన్యపు రహస్య జీవాయుధ విభాగం ఉండేది. బతికున్న మనుషుల మీద ప్రయోగాలు చేశారు. 1940 అక్టోబర్‌లో చైనాలోని నింగ్బో మీద విమానం నుంచి గోధుమలతో కలిపి ప్లేగు క్రిమి ఉన్న ఫ్లీ పురుగుల్ని (ఎలుకల ఒంటి మీద బతికేవి) చల్లారు. ఆ మరుసటి ఏడాది నవంబర్‌లో చాంగ్‌డే మీద అదే పని. నీకు పనికొచ్చే సంగతి ఇంకోటి ఉంది. 1942లో వాళ్లు సింగపూర్‌లో కూడా ఓకా 9420 పేరుతో ఒక విభాగం పెట్టి, ఎలుకల్నీ ఈ పురుగుల్నీ పెంచారు. అదే ఏడాది మార్చి నుంచి అండమాన్ వాళ్ల చేతిలోనే ఉంది. పెనాంగ్ నుంచి వాళ్ల జలాంతర్గాములు బంగాళాఖాతంలోకి వచ్చి పోయేవి. సింగపూర్, పెనాంగ్, అండమాన్, ఆ తర్వాత మన తీరం. నీ కథకు దారి పడిందిగా.

ఒంగోలు_గిత్త
జలాంతర్గామి మన దాకా వచ్చిందంటే నమ్ముతారా?

చరిత్ర_పిచ్చోడు
వచ్చింది కాబట్టే చెబుతున్నా. ఆర్‌ఓ-110 అనే జపాన్ జలాంతర్గామి 1944 ఫిబ్రవరిలో విశాఖ దగ్గర ఒక వర్తక ఓడను కొట్టింది. కాపలా ఓడలు తిరగబడి దాన్ని అక్కడే ముంచేశాయి. అందులో రోగబాంబులు ఉన్నాయని నేను అనడం లేదు, దాని పేరు కథలో వాడొద్దు. చనిపోయినవాళ్ల సమాధి అది. నీ జలాంతర్గామిని నువ్వే కల్పించుకో.

కావలి_అమ్మాయి
మా తాతమ్మ ఆ ఏప్రిల్ గురించి చెప్పేది. మద్రాసు మీద జపాన్ వాళ్లు దిగుతారని పుకారు పుడితే, చుట్టాలు ట్రంకు పెట్టెలు, పిల్లలతో రైలెక్కి మా ఇంటికి వచ్చేశారట. ఇరవై మందికి ఒకే పొయ్యి. రాత్రిపూట దీపానికి గుడ్డ కప్పేవాళ్లమని, అలల చప్పుడు వినిపిస్తే విమానమేమోనని అందరూ లేచి కూర్చునేవాళ్లని చెప్పేది. ఆ భయాన్ని మీ మొదటి అధ్యాయంలో పెట్టండి. యుద్ధం మన ఇళ్ల దాకా రాలేదని చాలామంది అనుకుంటారు.

పెన్నా_ఒడ్డు
తప్పకుండా పెడతాను. గుడ్డ కప్పిన దీపం చాలు, ఆ అధ్యాయం అక్కడ మొదలవుతుంది.

సూక్ష్మజీవి_మేడమ్
మీ ఆవిడ ప్రశ్నకు జవాబు చెబుతాను. నేను పాతికేళ్లు ల్యాబ్‌లో ఈ పనే చేశాను.

ఏ క్రిమి అన్నది ముందు తేల్చుకోండి. ప్లేగు అయితే కథ అక్కడే ముగిసిపోతుంది. ఆ ఫ్లీ పురుగులు అన్నేళ్లు బతకవు. ప్లేగు బాక్టీరియాకు గట్టి పెంకు కట్టుకునే శక్తి లేదు, ఇన్నేళ్లు సముద్రం అడుగున నిలవదు. కలరా, టైఫాయిడ్ అయినా ఇంతే. ఆంథ్రాక్స్ అలా కాదు. పరిస్థితి బాగాలేకపోతే అది స్పోరుగా మారుతుంది. విత్తనం లాంటిది అనుకోండి. తిండి, తేమ, గాలి ఏవీ లేకపోయినా దశాబ్దాలు నిద్రపోతుంది. గ్రూనార్డ్ దీవిలో 1942లో పడిన స్పోర్లు నలభై ఏళ్ల తర్వాత కూడా మట్టిలో ఉన్నాయి. 1986లో 280 టన్నుల క్రిమినాశక మందు ఫార్మల్డిహైడ్‌ను సముద్రపు నీళ్లలో కలిపి దీవి మీద చల్లాల్సి వచ్చింది. 1990లో గానీ అక్కడికి మనుషుల్ని రానివ్వలేదు.

ఇంకో ఉదాహరణ మీ కథకు దగ్గరగా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, నార్వేలో ఒక జర్మన్ గూఢచారి దొరికాడు. అతని దగ్గరున్న పంచదార గడ్డల్లో సన్నని గాజు గొట్టాలు, వాటిలో ఆంథ్రాక్స్. శత్రువుల సరుకు మోసే జంతువులకు తినిపించాలని పథకం. ఆ గడ్డలు ఒక పోలీసు మ్యూజియంలో ఉండిపోయాయి. 1997లో తీసి పరీక్షిస్తే స్పోర్లు మళ్లీ మొలిచాయి. ఎనభై ఏళ్లు! మీ ఆవిడకు ఇది చెప్పండి.

పెన్నా_ఒడ్డు
ఇప్పుడే వంటింట్లోకి వెళ్లి చెప్పి వచ్చాను. "సరే, ఇక రాసుకో" అంది. మేడమ్, మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఉదయగిరి_దుర్గం
గాజు గొట్టం మ్యూజియంలో పొడిగా ఉంది. సముద్రంలో ఇనుప బాంబు ఏళ్లు గడిచేకొద్దీ తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. లోపల ఉన్నది ఎప్పుడో నీళ్లలో కలిసిపోయి ఉంటుంది. మేడమ్ గారి లెక్క మీ కథకు సరిపోదు.

చరిత్ర_పిచ్చోడు
ఇనుమే ఎందుకు అనుకోవాలి? 731 విభాగం చేసిన ఉజి బాంబుల ఒళ్లు పింగాణీది. ఇనుప బాంబు పగలాలంటే మందుగుండు ఎక్కువ కావాలి, ఆ వేడికి క్రిములు చచ్చిపోతాయి. పింగాణీ అయితే కొంచెం మందుతోనే ముక్కలవుతుంది. లోపల పది లీటర్ల దాకా పట్టేది. ఆంథ్రాక్స్‌తో కూడా ప్రయోగాలు చేశారు. పింగాణీకి తుప్పు పట్టదు.

కావలి_అమ్మాయి
పింగాణీ, పది లీటర్లు అంటే మా ఇంట్లో ఆవకాయ జాడీ అంత!

ఆగండి, నాకు ఒళ్లు జలదరించింది. వలలో పడింది బాంబులా కనబడకపోతే? రెక్కలు విరిగిపోయి, మూతి దగ్గర కాస్త చిట్లి, ఒంటి నిండా గుల్లలు పట్టిన తెల్లటి జాడీ. మా అమ్మ అయితే పారేయనిస్తుందా? గుల్లలు గీకి, చింతపండు పెట్టి తోమి, ఎండబెట్టి, మాగాయకు పనికొస్తుందని అటక మీద పెడుతుంది.

పెన్నా_ఒడ్డు
ఇది చదివి పది నిమిషాలు ఏమీ రాయలేకపోయాను. నా పెట్టె పోయింది, జాడీ వచ్చింది. ముఠా వెతుకుతున్న వస్తువు సరంగు వాళ్లమ్మ అటక మీద ఉంటుంది.

సూక్ష్మజీవి_మేడమ్
అమ్మాయి చెప్పిన దారిలో శాస్త్రం కూడా నడుస్తుంది. తోమిన నీళ్లు ఎక్కడ పోస్తారు? పెరట్లోనే కదా. స్పోర్లు ఆ మట్టిలోకి పోతాయి. మనిషి కంటే ముందు జబ్బు పడేది అక్కడ గడ్డి పీకే జీవాలు.

గొర్రెల_డాక్టర్
ఇంతసేపు చదువుతూ కూర్చున్నా, ఇప్పుడు నా వంతు వచ్చింది. ప్రకాశం జిల్లాలో పశువైద్యుడిగా చేస్తున్నా. మీరు యుద్ధం, బాంబు అంటున్నారు, మా గొర్రెల కాపరులకు ఇది "దొమ్మ". జపాన్ రాకముందు నుంచీ ఈ నేలలో ఉన్న రోగమే.

ఎనిమిదేళ్ల కిందట ఒక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. రాత్రి బాగా మేసిన గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంది. నేను వెళ్లేసరికి కడుపు ఉబ్బి, కాళ్లు బిగుసుకోకుండా పడి ఉంది. ముక్కులోంచి నల్లటి నెత్తురు వస్తోంది, గడ్డ కట్టడం లేదు. నెత్తురు మీద వాలిన ఈగల్ని చూసి నాకే కాళ్లు వణికాయి. చెవి కొసన ఒక్క చుక్క తీసి గాజు పలక మీద పూసుకున్నాను. కోయకూడదు, అదే ముఖ్యం. కోస్తే లోపలి క్రిమికి గాలి తగిలి స్పోరుగా మారుతుంది, ఆ నేల ఏళ్ల తరబడి చెడిపోతుంది. అయితే నాకంటే ముందే రెండో గొర్రెను కోసేశారు. కోసిన మనిషి చేతి మీద వారానికి నల్లటి పెచ్చు కట్టింది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. దగ్గరి ఆసుపత్రిలో మామూలు సెగగడ్డ అని పూత మందు ఇచ్చి పంపారు. చేయి మోచేతి దాకా వాచాక, నేనే వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లి "నల్ల పెచ్చు చూడండి, గొర్రె కోశాడు" అని చెప్పాల్సి వచ్చింది. పెన్సిలిన్‌తో బతికాడు. ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తాడు.

మీ నవలలో రోగాన్ని మొదట పట్టుకునేది ఢిల్లీ నుంచి హెలికాప్టర్‌లో దిగిన శాస్త్రవేత్త కాకూడదు. ఒక గొర్రెల కాపరి పట్టుకోవాలి. "సార్, ఇది మామూలు చావు కాదు" అనే మాట నేను వాళ్ల నోట విన్నాను.

ఒంగోలు_గిత్త
డాక్టర్ గారూ, ఇన్నాళ్లూ ఈ వేదికలో మీరు ఒంగోలు ఎడ్ల పందేల గురించి తప్ప రాయలేదు. ఇంత సంగతి దాచుకున్నారే!

గొర్రెల_డాక్టర్
పందేలు కూడా వదలను లేండి. గొర్రె అంటే గుర్తొచ్చింది, గ్రూనార్డ్ దీవిలో కూడా ముందు చచ్చింది గొర్రెలే. వరసగా కట్టేసి, గాలివాటున బాంబు పేల్చారు. మూడు రోజుల్లో పడిపోవడం మొదలైంది. నెల్లూరు గొర్రె తెలిసిన మన వాళ్లకు ఆ దృశ్యం వేరే చెప్పనక్కర్లేదు. మీ సరంగు ఇంట్లో రెండు నెల్లూరు జుడిపి గొర్రెల్ని పెట్టండి. పొడుగు కాళ్లు, పొట్టి వెంట్రుకలు, మెడ కింద రెండు తిత్తులు. వాటికి పిల్లలు పేర్లు పెట్టుకుని ఉండాలి.

ఉదయగిరి_దుర్గం
ఒప్పుకుంటున్నా, పింగాణీ సంగతి నాకు తెలియదు. కానీ ఒక అనుమానం ఇంకా ఉంది. ఆంథ్రాక్స్ మనిషి నుంచి మనిషికి అంటదంటారు కదా. అంటుకోని రోగంతో థ్రిల్లర్‌లో టెన్షన్ ఎక్కడ వస్తుంది? ఊరంతా మూతపడాలి, జనం పరిగెత్తాలి.

సూక్ష్మజీవి_మేడమ్
మామూలుగా అంటదు, నిజమే. దాన్ని మార్చి రాయొద్దని నా ప్రార్థన. కరోనా తర్వాత జనం ప్రతి రోగాన్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు. తప్పుగా రాస్తే, రేపు నిజంగా దొమ్మ వచ్చిన ఊళ్లో రోగిని వెలివేస్తారు. అసలు భయం పొడిలో ఉంది. ఎండిన స్పోర్లు ఊపిరితిత్తుల్లోకి పోతే మొదట జలుబు, జ్వరంలాగే ఉంటుంది, తర్వాత చేయి దాటిపోతుంది. 1979లో సోవియట్ దేశంలో స్వర్డ్‌లోవ్‌స్క్‌లో సైనిక కర్మాగారం నుంచి కొద్దిగా పొడి గాల్లోకి లీకైంది. గాలి వీచిన వైపు ఉన్నవాళ్లు కనీసం 66 మంది చనిపోయారు. కలుషిత మాంసం తిన్నారని ఏళ్ల తరబడి అబద్ధం చెప్పారు. జీవాయుధాలు వద్దన్న ఒప్పందం మీద 1972లోనే సంతకం చేసిన దేశం అది. ఆ ముఠా చేతికి జాడీ దొరికి, అందులో అడుగంటినదాన్ని ఎండబెట్టి పొడి చేసే లోపల ఆపాలి. టెన్షన్ అక్కడ పెట్టండి.

పాత_సరంగు
సైన్సు మీరు చూసుకోండి. నేను సముద్రం చెబుతా.

పడిన చోటు ముందు తేల్చు. మా తండ్రులకు జీపీఎస్ లేదు. ఒడ్డున తాటితోపు, దాని వెనక గుడి గోపురం ఒక వరసలోకి వచ్చి, ఇంకో పక్క లైట్‌హౌస్ కనబడితే, "ఇక్కడ అడుగున ఏదో ఉంది, వల వేయొద్దు" అనేవాళ్లు. అట్టాంటి చోట్లు ప్రతి ఊరికీ రెండు మూడు ఉండాయి. అక్కడ వల చిరుగుద్ది. కానీ చేప అక్కడే ఉంటుంది, ఎందుకంటే మునిగినదాని చుట్టూనే చేప చేరుద్ది. అప్పు మీద ఉన్న సరంగు తెలిసీ అక్కడ వల వేస్తాడు. నీ వాడికి కూడా అప్పు పెట్టు. డీజిల్ బాకీ, వల బాకీ.

నెల అంటావా, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను పోయాక పెట్టు. బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ మా వైపు సముద్రాన్ని అడుగు నుంచి కలిపేసింది. ఇసక కదిలి, కప్పడిపోయినవి బయటపడతాయి. వారం పైన బోట్లు కదల్లేదు. చేతిలో డబ్బు లేనప్పుడే మనిషి తెగిస్తాడు.

జువ్వలదిన్నె_కుర్రోడు
సరంగు మామ చెప్పింది నిజం. మా నాన్న జీపీఎస్‌లో ఇప్పటికీ ఆ చోట్లకు పుర్రె గుర్తు పెట్టుకున్నాడు. ఇరవై బారల లోతులో ఒకటి ఉంది.

నేను ఒక సంగతి చెబుతా. ఒకసారి మా వలలో మనిషంత పొడుగు రేకు ముక్క వచ్చింది, ఒక పక్క కాలి నల్లగా ఉంది. శ్రీహరికోట రాకెట్టుదని అందరూ అన్నారు. ముట్టుకోవాలంటే భయం, వదిలేస్తే ఇంకొకరి వల చిరుగుద్దని బాధ. ఒడ్డుకు తెచ్చి మెరైన్ పోలీసులకు చెప్పాం. ఆ రోజు వేట పోయింది, వల పోయింది, ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వలేదు. అందుకే చాలామంది చెప్పరు, మళ్లీ నీళ్లలోకే తోసేస్తారు. మీ కథలో సరంగు జాడీని ఎందుకు రిపోర్ట్ చేయలేదని చదివేవాళ్లు అడుగుతారు. జవాబు ఇదే.

పెన్నా_ఒడ్డు
తమ్ముడూ, ఈ ముక్క లేకపోతే నా సరంగు మూర్ఖుడిలా కనబడేవాడు. నీ మాటల్ని నా మాటల్లో రాసుకోవచ్చా?

జువ్వలదిన్నె_కుర్రోడు
రాసుకో అన్నా. మా ఊరి పేరు మాత్రం సరిగ్గా రాయి. పేపర్లలో రకరకాలుగా రాస్తారు.

కొత్తపట్నం_అల
ఆ ముఠా సంగతి ఏంటి? తమిళనాడులోని కడలూరు బోట్ల వాళ్లను విలన్లుగా పెడితే మన వైపు జనం చప్పట్లు కొడతారు. స్పీడ్ ఇంజన్లతో వచ్చి మన వలలు కోసుకుపోతున్నారు కదా.

పాత_సరంగు
వద్దు. గొడవలు నిజమే, నేనూ పడ్డాను. కానీ 2004 సునామీ తర్వాత నా బోటు ఇంజన్ చెడి రెండు రోజులు కొట్టుకుపోతుంటే తాడేసి లాగింది ఆ కడలూరు వాళ్లే. అన్నం పెట్టారు. చేపల తగాదా వేరు, ఊళ్లు చంపే పని వేరు. అది వాళ్లకు అంటగట్టొద్దు.

కొత్తపట్నం_అల
సరే మామా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే ఆ బోటు కథలో సాయానికి రావాలి.

ఓడ_మెకానిక్
పన్నెండేళ్లు సరుకు ఓడల్లో పనిచేశా. విలన్లు ఎవరైనా, వాళ్ల దగ్గర ఓడ ఉంటే ఏఐఎస్ అనే పరికరం ఉంటుంది, ఓడ ఎక్కడుందో అందరికీ చూపిస్తుంది. దాన్ని ఆపేసిన ఓడ మీదే కోస్ట్‌గార్డ్‌కు అనుమానం వస్తుంది. కృష్ణపట్నం బయట లంగరేసిన ఓడల్లో ఒక్క ఓడ తెర మీద మాయమైతే చాలు, కథ పరిగెత్తుతుంది. సరంగు సాయం అడగాలంటే వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానల్. ఒడ్డు దగ్గర సెల్ సిగ్నల్ ఉంటే కోస్ట్‌గార్డ్ నంబరు 1554. ఇది కథలో తప్పకుండా రావాలి, చదివిన పదిమంది గుర్తుంచుకున్నా మేలే.

ఒంగోలు_గిత్త
క్లైమాక్స్ రామాయపట్నంలో పెట్టండి, మా ప్రకాశానికీ వాటా ఉండాలి.

కావలి_అమ్మాయి
2022లో రామాయపట్నాన్ని మా నెల్లూరు జిల్లాలో కలిపారు కదా అన్నా!

ఒంగోలు_గిత్త
కాగితం మీద వచ్చింది, మా మనసులోంచి పోలేదు. సరే, గొర్రెల డాక్టర్ గారైనా ప్రకాశం వాడే, ఆ వాటా చాలు.

పాత_సరంగు
క్లైమాక్స్‌కు తేదీ కూడా ఉంది. 2024 జనవరి 1, పొద్దున శ్రీహరికోట నుంచి రాకెట్ పీఎస్‌ఎల్‌వీ ఎగిరింది. ప్రయోగం రోజు ఆ వైపు సముద్రంలోకి పోవద్దని ముందే చెబుతారు, మైళ్ల కొద్దీ ఒక్క బోటు ఉండదు. ఆ ఖాళీ సముద్రంలో నీ సరంగు, ఆ మాయమైన ఓడ, ఇద్దరే. ఒడ్డున జనమంతా ఆకాశం వైపు చూస్తా ఉంటారు.

పెన్నా_ఒడ్డు
మామా, నేను నవల రాస్తున్నానా, మీరు చెబుతుంటే దించుకుంటున్నానా!

ఇప్పటికి తేలింది చెబుతాను. 1944, పెనాంగ్ నుంచి వచ్చిన కల్పిత జలాంతర్గామి, మైనం పోసి మూసిన పింగాణీ బాంబులు. మిచాంగ్ తర్వాత అప్పుల్లో ఉన్న సరంగు పుర్రె గుర్తు ఉన్న చోట వల వేస్తాడు. జాడీ ఇంటికి వస్తుంది, అమ్మ పెరట్లో తోముతుంది. నాలుగో రోజు పిల్లలు పేరు పెట్టుకున్న గొర్రె చచ్చిపోతుంది. కాపరి కోయనివ్వడు. డాక్టర్ చెవి నుంచి ఒక చుక్క తీస్తాడు. చివర జాడీని ఏం చేయాలన్నదే మిగిలింది. సరంగు దాన్ని నడిసముద్రంలో లోతుకు వదిలేస్తాడని రాసుకున్నాను.

సూక్ష్మజీవి_మేడమ్
దయచేసి అలా ముగించొద్దు. సముద్రంలో పారేస్తే పోతుందనే కదా యుద్ధం తర్వాత గెలిచిన దేశాలు బాల్టిక్‌లో రసాయన బాంబులు ముంచాయి. అక్కడి జాలర్ల వలల్లో ఆ తర్వాత ఏళ్ల తరబడి మస్టర్డ్ గ్యాస్ (ఒళ్లు కాల్చే విషం) ముద్దలు పడి చేతులు కాలాయి. మళ్లీ ఇంకో సరంగు వలలో పడాలా? కాల్చాలి, లేదా ఫార్మల్డిహైడ్‌తో చంపాలి. ఆ పెరటి మట్టిని కూడా.

గొర్రెల_డాక్టర్
అవును. చచ్చిన గొర్రెను కూడా ఆరడుగుల గొయ్యిలో సున్నం పోసి పూడ్చాలి. మిగతా మందకు టీకా. ఆ గొయ్యి చుట్టూ ముళ్లకంప వేసి, మేపొద్దని ఊళ్లో చాటించాలి. అమ్మకు యాంటీబయాటిక్స్ వెంటనే మొదలుపెట్టించండి, ఆమెను మాత్రం చంపొద్దు.

కావలి_అమ్మాయి
అమ్మను చంపితే నేను ఈ చర్చలోంచి వెళ్లిపోతా!

పెన్నా_ఒడ్డు
అమ్మ బతుకుతుంది. సరంగు జాడీని ఒడ్డుకే తెస్తాడు, ముంచడు. ఐదో అధ్యాయం ఈ రాత్రికే మొదలుపెడుతున్నా. మామా, ఒక్క చిన్న సంగతి. వల లాగేటప్పుడు బరువు తేడా వస్తే మొదట ఎవరికి తెలుస్తుంది?

పాత_సరంగు
ఇంజన్‌కు. చప్పుడు మారుద్ది, గొంతు పట్టేసినట్టు. వెనక నిలబడ్డవాడికి తెలిసేలోపే సరంగు చేయి గేరు మీదకు పోతుంది. అక్కడ మొదలుపెట్టు.

జువ్వలదిన్నె_కుర్రోడు
రాసిన వెంటనే ఇక్కడ పెట్టండి అన్నా. మా నాన్నకు చదవడం రాదు, నేను చదివి వినిపిస్తా.